అవ్వ కొట్టిన టెంకాయ

మొన్న కడపలో కంటి ఆసుపత్రికి పోయినప్పుడు, అక్కడిచ్చిన కాగితం నింపుతున్న మా మనవరాలు మతం అన్న గడి దగ్గర ఆగి, నేను నాస్తికుణ్ణా, అజ్ఞేయవాదినా అని నవ్వుతూ అడిగింది. దేవుడు లేడని గట్టిగా చెప్పేవాడు మొదటివాడట, ఉన్నాడో లేడో తెలియదనేవాడు రెండోవాడట. తొంభైకి దగ్గరపడి, కళ్ళలో చుక్కల మందు వేయించుకుని కూర్చున్నవాణ్ణి, నేనెవరో ఇప్పుడు తేల్చుకోమంటే ఎలా? కానీ ఆ గడి నన్ను డెబ్బై ఏళ్ళు వెనక్కి, మా అవ్వ దగ్గరికి తీసుకుపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా డేరాలు, డేరాల్లో సర్కారు కచేరీలు, సందుకో ఉపన్యాసం. అక్కడి కాలేజీలో చదువుతూ, టీకొట్ల దగ్గర స్నేహితులతో వాదించి వాదించి, నాస్తికుడనే పేరు నాకు నేనే పెట్టుకున్నాను. కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా దాన్ని పదిమందికీ చూపించాలని ఒకటే తహతహ. దేవుడి గురించి నిజంగా ఎంత ఆలోచించానో చెప్పలేను గానీ, ఆ పేరు తీసేస్తే నేనంటూ ఏమీ మిగలనని మాత్రం అనుకునేవాణ్ణి.

మా ఊరు అహోబిలానికి దగ్గర. ఏటా చలికాలంలో నరసింహస్వామి పల్లకి ఎక్కి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని తానే పిలుచుకుంటాడు. పారువేట అంటారు దాన్ని. మా ఊళ్ళో పల్లకి దిగేది మా అరుగు మీదే. ఇంటి మగవాడు టెంకాయ కొట్టి ఎదుర్కోవాలి. నాన్న పోయాక, ఆయన పెద్దకొడుకుగా ఆ పని నా మీద పడింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి అవ్వ ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క పూట కోసమే. వారం ముందునుంచే అరుగు అలికి అలికి నున్నగా చేసేది. నేనేమో టెంకాయ ముట్టనని ముందే చెప్పేశాను. ఒక్క క్షణం నటించరాదా అని చిన్నాయన బతిమాలాడు. అవ్వ మాత్రం అరుగు అలుకుతూనే ఉంది.

పల్లకి వచ్చింది. ఊరిపెద్ద టెంకాయ చేతికివ్వబోతే, నాకు నమ్మకం లేదని అందరి ముందూ అనేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. నమ్మకం లేని ఇంట్లో స్వామి దిగడనీ, ఇకమీదట వేరే అరుగు చూసుకుంటామనీ చెప్పి, ముందుకు నడవమని బోయీలకు సైగ చేశాడు. అవ్వ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అన్న మాట వెనక్కి తీసుకుందామని నోరు తెరిచాను కూడా. అంతలో అవ్వే వచ్చి పల్లకికి అడ్డం నిలబడింది.

“ఏమప్పా, పెండ్లికి పిలవను వచ్చినోడు, నన్ను నమ్ముతారా అని అడిగి గడప తొక్కుతాడా? మావోడు స్వామి ముందర అబద్ధం చెప్పలేదు. అది తప్పయితే నాకు చెప్పు. టెంకాయ నేను కొడతా, దించండప్పా.”

మా వైపు ఆడవాళ్ళు టెంకాయ కొట్టరు. అయినా కొట్టింది, ఒకే దెబ్బకు. వెంట వచ్చిన ముసలి పూజారి నవ్వి, దించమన్నాడు. ఊరిపెద్ద గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. అవ్వ నా చేతిలో మజ్జిగ కుండ పెట్టింది. దేవుడి సంగతి ఎట్లున్నా ఆయన్ను మోసుకొచ్చినవాళ్ళకు దాహం వేస్తుంది కదా, చేతులు నొప్పి పుట్టేదాకా బోయీలకు మజ్జిగ పోశాను.

ఆ సాయంత్రం అరుగు మీద చిప్పలు ఏరుతున్న అవ్వను, నమ్మనివాణ్ణి ఎందుకు వెనకేసుకొచ్చావని అడిగాను. నన్ను వింతగా చూసింది.

“స్వామి ఉండాడో లేడో నాకు మాత్రం యాడ తెలుసు నాయనా? ఇంటికొచ్చి పిలిచినాడు, పోతాండా. నువ్వు శానా తెలిసినోని మాదిరి మాట్లాడతావు, అదే నాకు భయం.”

ఆ తరవాత నాకు నమ్మకం రాలేదు, లేడన్న ధీమా కూడా నిలవలేదు. కానీ ఏ పేరూ తగిలించుకోకుండానే ఆ ఇంటి మనిషిగా ఉండవచ్చని తెలిసింది. అది నేర్పినందుకు ఆమెను తలచుకోని రోజు లేదు.

ఇప్పటి పిల్లలకు ఎన్ని పేర్లో, ఒక్కో పేరుకు ఒక్కో గుంపు. ఆ పేర్ల దగ్గరే ఒకే ఇంట్లోవాళ్ళ మధ్య మాటలు ఆగిపోతున్నాయి. అడ్డం నిలబడి సర్దిచెప్పే అవ్వలు కనబడరు. మనవరాలు నన్ను అజ్ఞేయవాదిగా రాసింది, వద్దనలేదు. ఉన్నాడో లేడో తెలియదంటూనే బతికినన్నాళ్ళూ ఆ అరుగు అలికి, ఏటా ఆ పెళ్ళికి పోయివచ్చిన మా అవ్వను ఏ గడిలో రాయాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.