మావయ్య ట్రక్కులో రెండో బ్యాటరీ

మా మావయ్య పోయాడని అమ్మ ఫోన్ చేసేసరికి నేను అమలాపురంలో మా కాలేజీ మెట్ల మీద కూర్చుని ఉన్నాను. పొద్దున్నే ట్రక్కు బానెట్ ఎత్తి బ్యాటరీ తుడుచుకుంటూ అలాగే వాలిపోయాడట. గుండె ఆగిపోయిందన్నారు. "ఎవర్నీ ఒక్క మాట అనకుండా పోయేడే" అని అమ్మ ఏడ్చింది. ఇంటికెళ్ళాక తెలిసింది, అదీ నిజం కాదు. వాలిపోయే ముందు ఎదురింటివాళ్ళ కోడిని తిట్టాడట, బానెట్ మీదకి ఎక్కిందని.

వాకిట్లో జనం ఒకటే మాట: "చాలా మంచోరండీ." నాకు ఒళ్ళు మండిపోయింది. అలా అన్నవాళ్ళలో సగం మందితో మావయ్యకి మాటల్లేవు. మిగతా సగం మంది ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవారు. బతికున్నప్పుడు పీనాసితనంతో దాచుకున్న మంచిమాట ఇప్పుడు దోసిళ్ళతో పోస్తున్నారు. మా మావయ్య మంచివాడు కాదు. నోరు విప్తే తిట్టు, నోరు మూస్తే అలక. ఆయన్ని ఆయనలాగే గుర్తు పెట్టుకునేవాళ్ళు ఒక్కరైనా ఉండాలని ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో డ్రైవరుగా ఉన్నాడు. ఆ ఊళ్ళు తిరగడంలోనే పెళ్ళీడు దాటిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్జు ఒకటి తెచ్చుకున్నాడు, దాంతోపాటు బోలెడంత కోపమూ. మా ఇంటి వెనక గదిలో దిగి, ఓ పాత పికప్ ట్రక్కు కొన్నాడు. వారమంతా మా నాన్న వ్యాపారానికి కొబ్బరికాయల లోడ్లు తోలేవాడు. ఆదివారం వస్తే చర్చికి రాకుండా, గుడారం వేసుకుని ఏటి ఇసకలోకో సముద్రపొడ్డుకో పోయేవాడు. మా నాన్న ఆ చర్చికి సంఘపెద్ద. ఇక చూడండి.

"ఇల్లుండగా ఇసకలో దొర్లడమేంట్రా?" అనేవాడు నాన్న.

"ఇంట్లో మీరున్నారు కదా బావగారూ" అనేవాడు మావయ్య.

ఆ ఇసక కాపురం కోసమే ట్రక్కులో రెండో బ్యాటరీ పెట్టాడు. ఆ పని చేసిన రోజున స్పానర్లు అందించింది నేనే. అందించినంతసేపూ తిట్లు తిన్నదీ నేనే. సీటు వెనక ఇనప పట్టీలతో బ్యాటరీ బిగించాడు. వెనక తొట్టెలో చెక్క పలక కొట్టి, దాని మీద సాకెట్లు పెట్టి, అన్నిటికీ కలిపి ఒకే స్విచ్చి పెట్టాడు. అది నొక్కితే లైటూ ఫ్యానూ ఫ్రిజ్జూ ఒక్కసారే లేస్తాయి. రెండు బ్యాటరీలకీ మధ్య చిన్న డబ్బా బిగిస్తుంటే అదెందుకని అడిగాను.

"ఇంజను తిరిగినంతసేపూ రెండూ ఒక పంక్తిలో కూర్చుని తింటాయి. ఇంజను ఆగిందా, ఎవరి విస్తరి వాళ్ళదే. దీని కూడు అది ముట్టుకోకుండా ఈ డబ్బా కాపలా కాస్తది."

"ముట్టుకుంటే ఏమవుద్ది?"

"మొదటిది మనల్ని ఇంటికి తీసుకొచ్చేదే పంతులమ్మా. రెండోది అక్కడ హాయిగా కూర్చోబెట్టేది. హాయి కోసం మొదటిదాన్ని ముట్టుకోకూడదు. వినపడిందా? లేక చెవుల్లో పద్యాలు కూరుకున్నావా?"

పంతులమ్మ అనడం ప్రేమతో కాదు. నేను అప్పుడే కొత్తగా పుస్తకాల పిచ్చిలో పడ్డాను. నచ్చిన మాట దొరికితే రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరిగేదాన్ని. కాలేజీ పత్రికకి రాసిన వ్యాసం ఒకటి ఆయనకి చదివి వినిపించాను. పొడుగాటి మొదటి వాక్యం సగంలోనే చెయ్యి అడ్డం పెట్టి, తన బుర్ర చూపించాడు.

"తీగ పొడుగయ్యేకొద్దీ కరెంటు నీరసపడుద్దే. ఈ చివర్న ఉన్న బల్బు వెలగట్లేదు చూడు."

"నీకు భాష రాదు మావయ్యా."

"రాదు. తిట్టడం వచ్చు. దానికి పొట్టి తీగ చాలు."

ఆ రాత్రి అన్నం తినలేదు నేను. ఇప్పటికీ ఆ మాటని క్షమించలేదు. కానీ ఈ పేజీలో వాక్యాలు ఎందుకు పొట్టిగా ఉన్నాయో మీకు తెలిసే ఉంటుంది.

మొదటి బ్యాటరీ గురించి ఆయనకి అంత పట్టుదల ఎందుకో ఒక్కసారే చెప్పాడు. గల్ఫ్‌లో యజమాని కుటుంబాన్ని ఎడారిలో గుడారాలకి తీసుకెళ్ళాడట. ఆ బండికి ఉన్నది ఒకటే బ్యాటరీ. పిల్లలు రాత్రంతా బండిలో పాటలు వింటామంటే సరేనన్నాడట. తెల్లారి ఇంజను లేవలేదు. ఎవరో వచ్చి చూసేసరికి సాయంత్రమైందట, తాగే నీళ్ళు ఎప్పుడో అయిపోయాయట. "ఆ పిల్లల పెదాలు చూసేను" అన్నాడు. అంతే. తర్వాత నాకేసి చూసి, "ఏంటలా చూస్తావు, ఆ స్పానరియ్యి" అని కసిరాడు.

మా నాన్నకీ ఆయనకీ మాటలు పోయింది మట్టల ఆదివారం నాడు. ఆ రోజున కొబ్బరి మట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్తాం. ఏటికవతల లంకలో మా సంఘం కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఎండాకాలం ఏరు సన్నబడితే ఇసక మీదుగా అక్కడికి వెళ్ళొచ్చు. మైకు కోసం మావయ్య ట్రక్కు అడిగారు. "మైకు వెనక సాకెట్లో పెట్టుకోండి, బానెట్ కింద చెయ్యి పెట్టొద్దు" అని ఒప్పుకున్నాడు.

నాన్నకి అది మింగుడు పడలేదు. ఆ స్విచ్చి నొక్కితే ఫ్రిజ్జు కూడా లేస్తుంది, ఫ్రిజ్జులో బీరు సీసాలుంటాయి. "బీరు చల్లబరిచే బ్యాటరీ మీద దేవుడి పాటా?" అని, మావయ్య చూడకుండా మైకు తీగలు మొదటి బ్యాటరీకి తగిలించేయించాడు. ఇసక మధ్యలో ట్రక్కు ఆపి ప్రార్థన మొదలెట్టారు. ప్రార్థనంటే పడని మావయ్య దూరంగా నావ నీడన పడుకున్నాడు. మా పాస్టరుగారి ప్రార్థన ఎంతసేపు సాగుతుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. మైకు పీక నొక్కినట్టు మూలిగి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను టక్కుమని ఊరుకుంది. అప్పుడే సముద్రం పోటు తగిలి ఏరు ఎగదన్నడం మొదలైంది. పిల్లలూ ముసలాళ్ళూ తొట్టెలో ఉన్నారు. నీళ్ళు టైర్లని తాకాయి.

మావయ్య పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తాడు. చూశాడు. ఆయన తిట్టకపోవడం చూసి నాకు భయమేసింది. మందపాటి కేబుళ్ళు తెచ్చి రెండో బ్యాటరీని మొదటిదానికి కలిపి ఇంజను లేపి, అందర్నీ గట్టెక్కించాడు. గట్టు మీద, సంఘం మొత్తం వింటుండగా అప్పుడు నోరు విప్పాడు.

"బావగారూ, మీకు పిల్లల ప్రాణాల కన్నా బ్యాటరీ పవిత్రత ఎక్కువైపోయిందండీ. నా బీరు బ్యాటరీయే తీసుకొచ్చింది మిమ్మల్ని. ఆయ్!"

ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వాకిట్లో, నన్ను మధ్యలో నిలబెట్టి పోట్లాడుకునేవారు. "మీ నాన్నకి చెప్పు, లోడు ఎక్కించడం అయిపోయిందని." నాన్న రెండడుగుల దూరంలోనే ఉంటాడు. "మీ మావయ్యకి చెప్పు, నాకూ కళ్ళున్నాయని." అమ్మ తమ్ముణ్ణి బతిమాలింది, బావ పెద్దవాడు, నువ్వే మాట్లాడరా అని.

"మీ ఆయన తన చేత్తో నా రెండో బ్యాటరీ మీద దేవుడి పాట పెట్టనీ. ఆ రోజు మాట్లాడతాను."

నాన్నకి ఆ మాట చేరింది. "నేను చచ్చినా పెట్టను" అన్నాడు.

చచ్చింది మావయ్య.

సమాధి చేసొచ్చాక మా వాకిట్లో, ఇంటివాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. టెంటు, కుర్చీలు, మైకు. ట్రక్కు పక్కనే ఉంది. ఒకరి తర్వాత ఒకరు లేచి మావయ్య ఎంత సౌమ్యుడో చెబుతున్నారు. నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. ఆఖరి పాటకి ముందు కరెంటు పోయింది. మైకు కుర్రాడు బ్యాటరీ తేలేదు. పాస్టరుగారు ట్రక్కు వంక చూశారు, తర్వాత నాన్న వంక. మైకు కుర్రాడు తీగలు పట్టుకుని బానెట్ దగ్గరికి పోయాడు.

"ముట్టుకోకు దాన్ని!" అని నాన్న గావుకేక పెట్టాడు. "అది ఇంటికి తీసుకొచ్చేది."

ఆ మాట ఎవరిదో ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. అమ్మకి తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న ఆ తీగలు లాక్కుని, ఆదివారపు తెల్లచొక్కాతోనే తొట్టెలోకి ఎక్కాడు. చెక్క పలక ముందు వంగి, తీగలు సాకెట్లో గుచ్చాడు. నేను వెనకాలే ఉన్నాను కాబట్టి విన్నాను.

"గెలిచేవు కదరా వెధవా" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి. "నా చేత్తోనే పెడతన్నాను. ఇప్పుడు మాట్లాడు."

స్విచ్చి నొక్కాడు. మైకు గరగరమంది. పాట అందుకున్నారు. తొట్టె మూలన మావయ్య ఫ్రిజ్జు కూడా ఒక్క కుదుపుతో లేచింది. లోపల సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ముందు వరసలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

నాన్న ఫ్రిజ్జు తీగ పీకేస్తాడేమో అనుకున్నాను. పీకలేదు. ఫ్రిజ్జు పక్కనే తొట్టె అంచు మీద కూర్చుని, దానికేసి గుర్రుగా చూస్తూ, పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు.