షికారుకు పిలిచిన పాపం

ఒకే ఒక్క తెలుగు మాటతో ఓ పెద్దమనిషి చేత కత్తి పట్టించి, మెల్‌బోర్న్ పార్కులో పిల్లల తల్లులను పరుగెత్తించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వుతానని మాత్రం మాటివ్వలేను.

వై2కే వచ్చి వెళ్ళిన కొత్త. కంప్యూటర్లలో రెండు సున్నాలు ప్రపంచాన్ని ముంచేస్తాయన్నారు. ప్రపంచం నిక్షేపంగా ఉంది. దాన్ని కాపాడడానికి విమానమెక్కి వచ్చిన మాలాంటివాళ్ళ కాంట్రాక్టులు మునిగాయి. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఉద్యోగం ఊడిన కాలు అసలే ఊరుకోదు. మేముండే క్లేటన్‌లో నేను కొలవని వీధి లేదు.

ఇంటి అద్దె నాతో పంచుకునే సలీమ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. వాడి ఉద్యోగం నిలిచింది. వాళ్ళమ్మ పోయాక తండ్రి కరీమ్ అంకుల్‌ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఎవరూ నడవని రోడ్డును చూస్తుండేవారు. గడ్డం గీసుకోరు. చేతిలో టీ చల్లారిపోయినా తెలిసేది కాదు.

"అబ్బా గడప దాటుతలేడు భాయ్," అన్నాడు సలీమ్ ఆఫీసుకు వెళ్తూ. "నువ్వు ఖాళీగనే ఉంటవ్ గదా, జర బయటికి తీస్కపో."

'ఖాళీగనే' కొంచెం గుచ్చుకుంది. అయినా సరేనన్నాను. నాది గుంటూరు జిల్లా. మా వైపు షికారంటే సాయంత్రం పూట వేరుశనక్కాయలు నములుతూ చల్లగాలికి ఊరికే తిరగడం. తెలుగులో అంతకంటే అమాయకమైన మాట ఉంటే మీరే చెప్పండి!

"అంకుల్, రేపు లేక్ దాకా షికారుకు వెళ్దామా?" అన్నాను.

ఆయన తల చటుక్కున తిరిగింది. "షికార్? ఈడ? పర్మిషన్ ఉంటదా?"

"షికారుకు పర్మిషనేంటంకుల్! అడిగేవాడే లేడు."

"నీకు అలవాటుందా బేటా?"

"చిన్నప్పట్నుంచీ. మా అమ్మా, పిన్నీ, నేనూ రోజూ వెళ్ళేవాళ్ళం."

"ఆడోళ్ళు గూడా?"

"వాళ్ళే ముందు! మా పిన్ని దిగిందంటే చీకటిపడ్డా వదిలేది కాదు."

ఆయన కళ్ళలో మా పిన్ని మీద అపారమైన గౌరవం కనబడింది. "ఏం దొరుకుతయ్ ఆడ?"

"బాతులు. నల్ల హంసలు. బోలెడు."

"సామాను?"

"ఏమీ వద్దు. చేతులూపుకుంటూ రండి."

మర్నాడు చూద్దును కదా, అంకుల్ నున్నగా గడ్డం గీసుకున్నారు. ఖాకీ కోటు, సలీమ్ రబ్బరు బూట్లు, భుజాన సంచి. పెళ్ళికొడుకు కూడా అంత తయారవడు. బయల్దేరే ముందు భార్య ఫోటో ఎదుట చాలాసేపు నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి. దువా కాబోలనుకున్నాను. మనిషిని కుర్చీలోంచి లేపిన నా ఘనతకు నేనే మురిసిపోతున్నాను.

లేక్ దగ్గర పిల్లలు బాతులకు బ్రెడ్డు ముక్కలు విసురుతున్నారు. అంకుల్ పొద చాటున గొంతుక్కూచుని, నన్నూ కూచోమని సైగ చేశారు.

"గాలి ఎటునుంచొస్తున్నదో చూస్కో," అన్నారు గుసగుసగా.

ఏ కాలినొప్పో, ఏ ఆచారమోనని నేనూ కూచున్నాను. ఆయన సంచిలోంచి మా వంటింటి మటన్ కత్తి తీశారు!

పిల్లల బండి తోసుకుంటూ పోతున్న తెల్లావిడ ఆగిపోయింది. "యూ ఓకే దేర్?"

"పిక్నిక్! కేక్! బర్త్‌డే!" అని అరిచాను. కేక్ లేదన్న సంగతి ఆవిడకూ కనబడుతూనే ఉంది. బండి వెనక్కి తిరిగింది. దాని వెనక ఇంకో రెండు బళ్ళు.

"కత్తెందుకంకుల్?"

"కొట్టినంక హలాల్ చెయ్యొద్దా? ఇంతకీ బందూక్ ఏది?"

"బందూకా? షికారుకు తుపాకీ ఎందుకు?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. సంగతి ఆయనకు అర్థమైంది. మెల్లగా కత్తిని సంచిలో పెట్టి, బెంచీ మీద కూలబడ్డారు.

"మా జబాన్ల షికార్ అంటే వేట. ఫార్సీ మాట. నవాబులు వేటకి పోతుంటే మీవాళ్ళు దూరంకెల్లి చూసి, ఊరికే తిరుగుతున్నరు అనుకున్నరేమో."

నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నేను గమనించనే లేదు.

"షాదీ కాకముందు మా అన్నతోని అడవులల్ల తిరిగేటోణ్ణి. షాదీ అయినంక ఆమె నాతోని కసమ్ తీసుకుంది, ఇగ దేని జాన్ తియ్యనని. బందూక్ ముట్టలే. పొద్దుగాల ఆమె ఫోటో ముందర మాఫీ అడిగిన. ఈ ఒక్కసారి పోనియ్యి, ఇంట్ల ఊపిరాడుతలేదు అన్న." మొహం తుడుచుకున్నారు. "పోనియ్యలే. చూసినవా? నా మాట ఆమెనే నిలబెట్టింది."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. బాతులు అరుస్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక సలీమ్ ఆ బూట్లనూ మా మొహాలనూ మార్చి మార్చి చూశాడు. "యాడికి పోయినవ్ అబ్బా?"

"షికార్‌కి."

"ఏం దొరికింది?"

అంకుల్ నా భుజం మీద చెయ్యేశారు. "గాడిద."

వీసా గడువు అయ్యేదాకా రోజూ నాతో నడిచారు. హైదరాబాద్ తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకే పోయారని, భార్య పక్కనే మట్టి దక్కిందని సలీమ్ చెప్పాడు. అప్పటికి నాకు ఉద్యోగం దొరికి, తిరగడానికి తీరిక లేకుండా పోయింది.

అందుచేత, సకల భాషల నిఘంటువులూ సాక్షిగా, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: దిగులుగా కూర్చున్న ఏ మనిషినీ ఇకమీదట షికారుకని పిలవను. అసలు ఏమనీ పిలవను. నోరు మూసుకుని చెయ్యి పట్టుకుంటాను.