సారు గదిలోంచి వచ్చిన మానిటర్

భూపాలపల్లిలో నేను పనిచేసిన ఆఫీసులో దుమ్ముకు కొదవ లేదు. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కనే ఉండేవాళ్లం కాబట్టి, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్ము గురించి మా పెద్దసారు ఏనాడూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

ఒకరోజు ఆయన ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. గాలిలోని రేడియోధార్మిక కణాలు పాతకాలపు లావు కంప్యూటర్ తెరలకు అతుక్కుంటాయని, ఎదురుగా కూర్చునేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని దాని సారాంశం. ఏ ఫైలునూ రెండో పేజీ దాకా చదవని మనిషి దాన్ని మూడుసార్లు చదివారు. ఆయన బల్ల మీద ఉన్నది అలాంటి లావు మానిటరే మరి. సాయంత్రానికల్లా భద్రతా సమావేశం పెట్టారు. సమోసాలు తింటూ, తెరలన్నీ రోజూ తడిగుడ్డతో తుడవాలని తీర్మానించాం. తుడిచాం కూడా. దసరా పూజకు తెరల మీద పెట్టిన కుంకుమబొట్లను మాత్రం ఎవరూ ముట్టలేదు, చుట్టూ తుడిచి వదిలేశాం. కణాలు ఆ బొట్ల కింద హాయిగా ఉండి ఉంటాయి.

వారం తిరక్కుండా సారుకు పలచటి కొత్త తెర వచ్చింది. పాతది హాల్లోకి, డేటా ఎంట్రీ చేసే అక్క బల్ల మీదికి చేరింది. ఆమెది నర్సింహులపేట, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. అప్పుడు ఆమెకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారైనా నిలవాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

ఆమె సారు దగ్గరికి పోయినప్పుడు నేను ఫైలు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"సార్, నాకు జర వేరే కంప్యూటర్ ఇయ్యుండ్రి. భయమైతుంది."

"ఏందమ్మా, ఫోన్ల వచ్చినయన్నీ నమ్ముతవా? సదువుకున్నదానివి గదా!" అన్నారు సారు, కొత్త తెర మీది ప్లాస్టిక్ కాగితం ఒలుస్తూ.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే వినయంగా సంతకం పెట్టించుకుని బయటికి వచ్చాను.

ఆ కణాల వల్ల నిజంగా ఎంత హానో నాకు తెలియదు. బహుశా ఏమీ ఉండదేమో. అక్క మాత్రం కుర్చీ గోడకు ఆనేదాకా జరుపుకుని, చేతులు చాపి టైపు చేసేది.

కొన్నాళ్లకు భద్రతా నివేదిక పంపమని పైనుంచి ఉత్తరం వచ్చింది. రాత నాది, టైపింగ్ అక్కది. "తెరల ముందు పనిచేసే గర్భిణీ ఉద్యోగులు" అన్న గడి దగ్గర ఆగి సారును అడిగాను.

"ఔట్‌సోర్సింగోళ్లు మన ఉద్యోగులు కాదు గదా. ఎవరూ లేరని రాయి."

రాశాను. నేను పర్మినెంటు ఉద్యోగిని, నా భద్రత నేను చూసుకోవాలి కదా.

అక్క నా రాత చూస్తూ టైపు చేసుకుంటూ వచ్చి, ఆ గడి దగ్గర ఆగింది.

"తమ్మీ, గీడ ఎవరూ లేరని కొట్టాల్నా?"

"అవునక్కా," అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

ఎడమచెయ్యి కడుపు మీద పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరమే కొట్టింది.