చింతగింజలకు ఏడ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు ఆకలి బాగా వేసేది, నిద్ర బాగా పట్టేది, పేకలో ముక్క మాత్రం పడేది కాదు. యాభైల నాటి మద్రాసు. వాషర్‌మెన్‌పేట్‌లో మా మేనమామకు మిరపకాయల మండీ ఉండేది. ఆయన ఇంట్లో తిని, ఆయన మండీలో పని చేసేవాణ్ణి. ఆదివారం భోజనాలయ్యాక మామ, అత్త, మాధవరం నుంచి బస్సెక్కి వచ్చే అత్త వాళ్ళ నాన్న (మాకందరికీ మాధవరం తాత), నేను చాప మీద చేరి మూడు ముక్కలాట ఆడేవాళ్ళం. పందెం చింతగింజలు. ముక్కలు బాగున్నవాళ్ళు మధ్యలో గింజలు పెంచుతూ పోవాలి, బాగాలేనివాళ్ళు పడేసి తప్పుకోవాలి. అంతే ఆట.

ఎండాకాలంలో మొదలైన నా ఓటమి వానలు పడ్డా ఆగలేదు. తూర్పుకు తిరిగి కూర్చున్నాను. గెలుస్తున్న తాతను ఒరుసుకుని కూర్చున్నాను ("ఈ ఉక్కలో ఏంది నాయనా, జరుగు ఆడికి" అన్నాడాయన). గడ్డం గీసుకోవడం మానేశాను. మండీకొచ్చిన బేరగాడొకడు తిరుపతి మొక్కా అని అడిగాడు గానీ, ముక్క మాత్రం పడలేదు. అప్పటిదాకా అది ఉట్టి ఆటే. ఒకరోజు వంటింట్లో మామ అత్తతో అంటున్న మాట నా చెవిన పడింది.

"తిరువొత్తియూరులో పెట్టే అంగడి వీడి చేతిలో పెడదామనుకుంటిని. చింతగింజలు పోతేనే మొహం మాడ్చుకుంటుండాడు, రేపు బేరం పోతే తట్టుకుంటాడా?"

"చిన్నోడు గదా, కొన్నాళ్ళు చూడండి" అంది అత్త.

ఇక చూసుకోండి, ఆదివారం వస్తుందంటే శనివారమే బెంగ పట్టుకునేది. మామ తన ముక్కలకన్నా నా మొహమే ఎక్కువ చూస్తున్నట్టుండేది. అది కదలకుండా ఉండాలని నాలుకను పళ్ళ మధ్య బిగించి కూర్చునే విద్య కనిపెట్టాను. ఓడేకొద్దీ బిగువు పెరిగేది. సోమవారం ఇడ్లీలోకి కారప్పొడి తినలేకపోయేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం ముక్కలు తీసి చూద్దును కదా, మూడూ ఆసులే! ఆ ఆటలో దాన్ని మించింది లేదు. ఎక్కడ బయటపడతానోనని నాలుకను ఒక్క కొరుకు కొరికాను. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి.

తాత చూశాడు. "అయ్యో, పిల్లోడు ఏడుస్తుండాడప్పా!" అని ముక్కలు పడేశాడు. అత్త కొంగుతో కళ్ళొత్తుకుని తనవీ పడేసింది. మిగిలింది మామ. ఆయన చేతిలోని ముక్కలను, నన్ను మార్చి మార్చి చూశాడు. పెంచు మామా, ఒక్కసారి పెంచు అని లోపల మొక్కుకుంటున్నాను. నోరు తెరిస్తే రక్తం కనబడుతుంది.

"చుమ్మా, ఊరికే ఎందుకురా ఏడుపు? తీసుకో పో" అని ఆయన కూడా పడేశాడు.

నేను ముక్కలు తిప్పి చాప మీద పరిచాను. ఇన్నాళ్ళ నరకానికి నాకు దక్కింది గుప్పెడు గింజలు, అదీ జాలిపడి ఇచ్చినవి! నాకు నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని చాప మీద దొర్లాను. నన్ను చూసి తాత, తాతను చూసి అత్త. తర్వాతి ఆటలో ఆ గింజలన్నీ పోగొట్టుకున్నాను, అయినా నవ్వు ఆగలేదు.

"ఇప్పుడు ఓడింది నువ్వే గదరా, ఏంది ఆ నవ్వు?" అన్నాడు మామ.

"తెలీదు మామా" అన్నాను, నిజంగానే తెలియక.

ఆ దీపావళి వెళ్ళగానే తిరువొత్తియూరు అంగడి తాళాలు నా చేతికొచ్చాయి. సముద్రపు గాలి తప్ప ఎవరూ లోపలికి రాని రోజులు అక్కడ చాలానే చూశాను, తట్టుకున్నాను కూడా. ఇప్పటికీ సాయంత్రాలు నా ఈడువాళ్ళతో ముక్కలు పట్టుకుంటాను. మంచివి పడితే నా చేతులు వణుకుతాయి. పాపం వయసు అనుకుని వాళ్ళు గింజలు పెంచుతూ పోతారు. నేనూ కాదనను.