ముళబాగిలు బస్సులో రాజేశ్వరి మేడమ్

ఈ ఉదయం పాఠం మధ్యలో గాలి లేచి, మూతపడిన బంగారు గని పక్కనున్న సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్మును తరగతిలోకి కొట్టింది. పళ్ళ మధ్య అది కరకరలాడగానే రాజేశ్వరి మేడమ్ గుర్తొచ్చారు. ఇలాంటి గాలిరోజున ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ము తగ్గేదాకా మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడేవారు. కేజీఎఫ్‌లో, డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పింది ఆమే. ఇప్పుడు అదే కాలేజీలో ఆ పాఠాలు నేను చెబుతున్నాను.

అప్పట్లో మా ఇంట్లో పద్మక్క పేరు ఎత్తకూడదు. నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని అక్క ముళబాగిలు వెళ్ళిపోయింది. గడప తొక్కొద్దన్నారు నాన్న. ఆయనకు భయపడి నేనూ మూడేళ్ళు అక్కను పలకరించలేదు. ఆ మూడో ఏడాదే మేడమ్ క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ గురించి చెప్పారు. జంటగా పుట్టిన రెండు కణాలు వేల మైళ్ళు విడిపోయినా, ఒకదాన్ని కొలిస్తే వచ్చే ఫలితానికీ రెండోదాని ఫలితానికీ పొత్తు కుదురుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. సెమినారులో నా వంతు రాగానే, "తోడబుట్టినోళ్ళూ ఇంతే మేడమ్. యాడున్నా ఒకరి బాధ ఇంగొకరికి తెలుస్తుంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ కొట్టలేదు.

తరగతి అయ్యాక పిలిచారు. "అట్ల తెలవదమ్మా. ఆ కణాలతో ఒక్క మాట కూడా పంపేకి కాదు. ఈ పక్క కొలిచేవాడికి ఈ పక్క అంకెలే, ఆ పక్కోడికి ఆ పక్కవే. రెండూ ఒకచోట పెట్టి చూస్తేనే పొత్తు ఉండాదని తెలిసేది. ఎవరమ్మా, మీ అక్కనా?"

నేను ఏడ్చేశాను.

"యాడ ఉండాది?"

"ముళబాగిల్లో."

"రేపు ఆదివారమే కదా. పోదాం పా."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. బేతమంగళ దాటాక, మేడమ్ కిటికీలోంచి చూస్తూ అన్నారు: "నంగలిలో మా చెల్లెలు ఉండె. ఒక మాటకు కోపం వచ్చి నేను పోలేదు. నా మనసు దానికి తెలుసులే అనుకొంటిని. కబురొచ్చే పొద్దుకి అది లేదు."

అక్క తలుపు తీసి, "ఇప్పుడు గుర్తొచ్చినానా?" అంది. చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ తర్వాత నా చేయి వదల్లేదు. ఆ మూడేళ్ళలో ఆమెకొక బిడ్డ పుట్టి, పోయింది. నాకు ఒక్కనాడైనా ఏమీ తెలియలేదు. మేమిద్దరం ఏడవడం అయ్యేదాకా మేడమ్ బయట మెట్టు మీదే కూర్చున్నారు.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. కణాలు కబురు మోయవని నేనూ గట్టిగానే చెబుతాను. పిల్లల ముఖాలు కొంచెం వాడిపోతాయి. ఆ పాఠం చెప్పిన రోజు ఎవరో ఒకరింటికి వెళ్ళకుండా, కనీసం ఫోనైనా చేయకుండా ఉండలేను. ఈ ఉదయం చెప్పిందీ ఆ పాఠమే; సాయంత్రం నా వేలు దానంతటదే మేడమ్ నంబరు నొక్కింది. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో; అవతల ఒక ఆడమనిషి కన్నడంలో, "యారమ్మా?" అంది, ఎవరమ్మా అని. ఆమె పెట్టేసేదాకా ఆ గొంతే వింటూ ఉండిపోయాను.