అద్దం మేస్త్రి కోత పని

మా ఆయన్ని ప్లాంటులో అందరూ అద్దం మేస్త్రి అనేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఆ పేరు విని, మనిషికి సోకులెక్కువ కాబోలు, జేబులో అద్దం పెట్టుకు తిరుగుతాడు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే తల దువ్వుకోవడం కూడా సరిగ్గా రాదు. పాపిడి ఎటు పోతోందో ఆయనకే తెలీదు. జేబులో అద్దం ఉన్న మాట మాత్రం నిజమే. అరచేతిలో పట్టేంత అద్దం, అంచులు అరిగిపోయి మసి పట్టి ఉండేది.

అదెందుకో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగింది మీకు ఎక్కదు. మాది బొగ్గు మండించి కరెంటు తీసే ప్లాంటు పక్కన కాలనీ. అక్కడ బాయిలరంటే ఇంట్లో నీళ్ళు కాచుకునేది కాదు, పెద్ద మేడంత ఉంటుంది. దాని గోడలు నిలువునా పక్కపక్కనే పేర్చిన ఇనప గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు, ఇవతల మంట. ఎక్కడో ఒక గొట్టానికి చిల్లు పడిందంటే మొత్తం ఆపాల్సిందే. ఆ ముక్క కోసి తీసి, కొత్త ముక్క పెట్టి అతకాలి. ముందువైపు చాలామంది అతుకుతారు. వెనకవైపు తల దూరదు, కంటికి ఆనదు. అక్కడ మా ఆయన అద్దం నిలబెట్టి, అందులో చూసుకుంటూ అతికేవాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది కదా, చెయ్యి ఇటు పోతుంటే కంటికి అటు పోతున్నట్టు ఉంటుంది. మిగతావాళ్ళకి కళ్ళు తిరిగేవట. ఈయనకి అదే తిన్నగా ఉండేది. అతుకు అయ్యాక ఎక్స్‌రే తీసి లోపల చూస్తారు, మనుషులకి తీసినట్టే. మా ఆయన అతుకు తప్పిందన్న మాట నేనెప్పుడూ వినలేదు.

నాది కుట్టు పని, మిషను ఇంట్లోనే. ఒకసారి ఆయన గొట్టం ముక్క ఒకటి తెచ్చి కోసిన అంచు చూపించాడు. "ఇదిగో, ఇలా ఏటవాలుగా, నున్నగా కోస్తేనే అతుకు పడుతుంది" అన్నాడు.

"ఓహో, నేను కుట్టుకి బట్ట వదిలి కత్తిరించినట్టన్నమాట."

"అంతే. సగం అతుకు కొయ్యడంలోనే ఉంటుంది" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. పని మాట వస్తే మాత్రం అలా ఉన్నట్టుండి ఏదో ఒకటి అనేవాడు.

ప్లాంటు ముసలిదైపోయింది, పొగ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఇక నడపం అన్నారు. ఇదిగో మూస్తాం, అదిగో మూస్తాం అని ఏళ్ళ తరబడి అంటుంటే ఎవరమూ పట్టించుకోవడం మానేశాం. చివరికి నిజంగానే మంట ఆర్పేశారు. నిజం చెప్పొద్దూ, ఆ వారం తీగ మీద ఆరేసిన బట్టలు తెల్లగా చేతికొస్తే నాకు సంతోషమేసింది. ఎన్నేళ్ళు దులుపుకున్నానో ఆ మసి. బట్టలు మడతపెట్టుకుంటూ లోపలికొచ్చి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని తన చేతులు తనే చూసుకుంటున్నాడు. నా సంతోషం కాస్తా ఆవిరైపోయింది.

పర్మినెంటు వాళ్ళని వేరే చోట్లకి పంపారు. ఈయన ఇన్నేళ్ళు చేసినా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. చెయ్యి కలిపి పంపించేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీద నిలబడి నాలుగు మాటలు అనాలనిపించింది, ఎవర్ని అనాలో తెలిస్తేగా.

ఒక్క ఆశ మాత్రం ఉంది. దూరాన గ్యాసుతో నడిచే కొత్త ప్లాంటు కడుతున్నారు, దానికి వెల్డర్లు కావాలి. ఈయన పేరు తీసుకున్నారు. పని మొదలయ్యేటప్పుడు పిలుస్తాం, అతుకు వేసి చూపించాలి, ఎక్స్‌రేలో నెగ్గితే పర్మినెంటు అన్నారు. ఎప్పుడు పిలుస్తారో మాత్రం చెప్పలేదు. అందుకని ఆయన రోజూ బల్ల దగ్గర కూర్చునేవాడు. స్టీలు గ్లాసు బోర్లించి, దాని వెనక అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ గ్లాసు చుట్టూ పెన్సిలుతో గీత గీసేవాడు. మన దగ్గర వెల్డింగు మిషను ఎక్కడిది, ప్లాంటులో ఉన్న వెల్డింగు షాపుని అన్నిటికంటే ముందు వేలం వేసేశారు. సెలవులకి హాస్టలు నుంచి వచ్చిన మా అమ్మాయి, "నాన్నా, ఒకటో క్లాసులో వేస్తారా నిన్ను" అని ఏడిపించేది. ఈయన నవ్వేవాడే కానీ చెయ్యి ఆపేవాడు కాదు. గీత వెంట్రుకంత పక్కకి పోయినా మళ్ళీ మొదలు.

మరి తినడం? నా కుట్టు పని కూడా కాలనీ వాళ్ళ మీదే కదా నడిచేది. కాలనీ సగం ఖాళీ అయిపోయింది. ఆ టైములో మా తమ్ముడొచ్చాడు. వాడు ప్లాంటుని పడగొట్టే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. ఊళ్ళు తిరిగి పాతవి కోయించి తుక్కు లారీలకెత్తించడం వాడి పని.

"బావా, గ్యాసు మంటతో కోసే కట్టర్లు చాలట్లేదు. నువ్వొస్తే రేపే పెట్టిస్తా."

"మా బాయిలరేనా?" అన్నాడు ఈయన.

"అదే బావా. నీకు తెలిసిన చోటే కదా, కళ్ళు మూసుకుని తిరుగుతావు."

ఈయన నా మొహం చూశాడు. పిలుపు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం దేనికి, వెళ్ళండి అన్నాను. వెళ్ళాడు.

నాలుగు రోజులు కాకుండానే తమ్ముడు తల పట్టుకుని వచ్చాడు. "అక్కా, నువ్వు ఒకసారి వచ్చి చూడు. సాయంత్రానికి అందరూ లారీ నింపుతుంటే మీ ఆయన సైకిలు క్యారియరు నింపుతున్నాడు. కోసిన బరువుని బట్టే కూలీ. కాంట్రాక్టరు నన్ను తినేస్తున్నాడు."

మర్నాడు భోజనం క్యారేజీ వంకతో వెళ్ళాను. తమ్ముడు తుక్కు గుట్టలు చూపించాడు. మిగతావాళ్ళవి కొరికి ఉమ్మేసినట్టున్నాయి, ఎక్కడ కోశారో ఎందుకు కోశారో తెలీదు. పక్కన మా ఆయన గుట్ట. ఏ గొట్టం చూసినా అంచు ఏటవాలుగా, నున్నగా ఉంది. పైగా ప్రతి గొట్టం మూతిలోనూ గుడ్డముక్క కుక్కి ఉంది. నా కుట్టు పనిలో మిగిలిన పీలికలు. పొద్దున్నే సంచిలో వేసుకెళ్తుంటే చేతులు తుడుచుకోవడానికేమో అనుకున్నాను.

ఆ గుడ్డల సంగతి నాకు తెలుసు. కోసిన గొట్టం మూతి తెరిచి వదిలితే లోపల చిన్న ముక్క పడుతుంది. అది ఏ వంపులోనో ఇరుక్కుంటే నీళ్ళు ఆగిపోయి గొట్టం కాలి పగులుతుంది. అందుకే కోసిన వెంటనే గుడ్డ కుక్కుతారు. కానీ అది బతికున్న బాయిలరుకి.

తమ్ముడు ఆయన్ని పక్కకి పిలిచాడు. "బావా, ఇవి కొలిమికి పోతాయి. కరిగించేస్తారు. వీటి మూతికి గుడ్డ దేనికి చెప్పు?"

"లోపల ఏదన్నా పడితే..." అని, మిగతాది మింగేశాడు మా ఆయన. పక్కనున్న కట్టర్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళ మీద వచ్చిన కోపం ఇంటికొచ్చాక ఆయన మీద చూపించాను. "ఏవండీ, పోయినదానికి వైద్యం చేస్తారా మీరు? రేపు మాన్పించేస్తే పొయ్యి మీద ఏం పెట్టాలి, ఆ నున్నటి అంచులా?" అన్నాను.

"నేను అనుకుని చెయ్యట్లేదు. చెయ్యి అలా పోతుంది" అన్నాడు.

తర్వాత మా తమ్ముడు పట్టుబట్టి దగ్గర నిలబడ్డాడట. "చూడకు బావా, గీత గియ్యకు, అంచు తడమకు. మంట పెట్టు, లాగు, తర్వాతది." ఆయన ఆగినప్పుడల్లా వెనకనుంచి "లాగు, లాగు" అనేవాడట. వాడికీ బావని నిలబెట్టుకోవాలనే తాపత్రయం. మనిషి మంచివాడే, ఆ మాట కాదనను.

మా ఆయన మెల్లగా దారికొచ్చాడు. ఆ తర్వాత అందర్నీ దాటిపోయాడు. ఎక్కడ ఏది దేనికి వేలాడుతోందో తెలిసినవాడు కదా, ఒక్క కోతకి పెద్ద పెద్ద ముక్కలు కిందకి దింపేసేవాడు. కాంట్రాక్టరు భుజం తట్టాడు. కిసుక్కుమన్నవాళ్ళే మేస్త్రీ మేస్త్రీ అంటూ వెనకాల తిరిగారు. ఇల్లు గాడిన పడింది. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

కాకపోతే మనిషి మారాడు. పాల ప్యాకెట్టు మూల కత్తిరించేవాడు, ఇప్పుడు పళ్ళతో లాగి సగం ఒలకబోస్తాడు. చొక్కా గుండీ తియ్యడానికి ఓపిక లేక పీకితే అది ఊడొస్తుంది, కుట్టలేక చచ్చేదాన్ని. బల్ల దగ్గర కూర్చోవడం తగ్గించాడు. ఒళ్ళు నొప్పులు, రేపు చూద్దాం అనేవాడు. ఆ రేపు వారాలైంది. గుర్తు చేస్తే విసుక్కునేవాడు. విసుక్కోవడం ఆయన ఇంటావంటా లేదు.

పిలుపు వచ్చేసరికి బాయిలరు సగం నేలమీదుంది. తోడుగా నేనూ వెళ్తానన్నాను. బస్సులో పొడుగునా కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. గుండె దడగా ఉందా అంటే లేదన్నాడు.

పరీక్ష ఒక రేకుల షెడ్డులో. పరీక్ష పెట్టే ఆయన తల నెరిసిన మనిషి, ఆయనా వెల్డరేనట. మర్యాదగా కుర్చీ వేయించి నన్ను బయట కూర్చోబెట్టాడు. లోపల రెండు గొట్టం ముక్కలు బిగించి, వాటి వెనక, బాయిలరు గోడ ఉన్నంత దగ్గరగా ఒక రేకు నిలబెట్టారు. అద్దంలో తప్ప వెనకవైపు కనపడదు. మంటని చూడకూడదని, ఎదురు గోడ మీద పడే వెలుగే చూస్తూ కూర్చున్నాను. నాకు వెల్డింగు రాదు. కానీ మిషను చప్పుడు వింటే కుట్టేవాళ్ళు తొందరపడుతున్నారో లేదో చెప్పేస్తాను. ఆ వెలుగు కాసేపు నిలకడగా ఉంది. తర్వాత తొందరపడింది. నిదానించింది, మళ్ళీ తొందరపడింది.

మా ఆయన ముసుగెత్తి చాలాసేపు ఆ అతుకునే చూశాడు. పైకి చూస్తే నాకు బాగానే ఉంది.

"ఎక్స్‌రే తియ్యక్కర్లేదండీ. లోపల అతకలేదు" అన్నాడు.

"రూలు కదా మేస్త్రీ, తియ్యాలి" అన్నాడా తల నెరిసినాయన. తీశారు. ఈయన చెప్పినట్టే వచ్చింది. ఎక్కడ అతకలేదో చోటుతో సహా చెప్పాడట ముందే. ఇంకోసారి వెయ్యండి, నేను చూస్తాను అని ఆ పెద్దాయనే బతిమాలాడు. ఈయన వద్దన్నాడు. "చెయ్యి లాగేస్తోంది సార్. ఆపితే ఆగట్లేదు" అన్నాడు. తర్వాత ఆ పెద్దాయన మా ఇద్దరికీ టీ తెప్పించాడు.

తిరుగు బస్సులో నేనే ఏడ్చాను, ఆయన ఏడవలేదు. నాకు వచ్చిన కోపమంతా మా తమ్ముడి మీద. ఇంటికొచ్చీ రాగానే కబురంపించి, గుమ్మంలోనే కడిగేశాను. "మా ఆయన చెయ్యి పాడుచేశావు కదరా. లాగు లాగు అని వెంటపడి, ఉన్న ఒక్క ఆశా లాగేశావు. ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"నేనేం చేశానక్కా, అన్నం పెట్టే పనే కదా చూపించాను."

"వాణ్ణనకు. వాడు చూపించకపోతే ఇన్నాళ్ళు ఏం తినేవాళ్ళం?" అన్నాడు లోపల్నుంచి మా ఆయన. కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

పది పదిహేను రోజులకి తమ్ముడు మళ్ళీ వచ్చాడు. ఈసారి బెరుకుబెరుగ్గా కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంకో ఊళ్ళో ఇలాంటి ప్లాంటే మూసేశారట. కోత పని మా కాంట్రాక్టరుకే వచ్చిందట. బావని కట్టరుగా కాదు, మేస్త్రీగా రమ్మంటున్నారట.

"అక్కడ పాత వెల్డర్లున్నారు బావా, పనిలేక కూర్చున్నారు. వాళ్ళని పెట్టుకుందామంటున్నాడు కాంట్రాక్టరు. కానీ వాళ్ళదీ నీ గొడవే, అంచులు దిద్దుతూ కూర్చుంటారు. నేను చెప్తే వినరు. నువ్వు వాళ్ళలో మనిషివి, నువ్వు దగ్గరుండి చెయ్యి తిప్పితే నెలలో దారికొస్తారు."

మా ఆయన గోడకి చేరగిలబడి విన్నాడు. నేను మిషను ఆపేశాను.

"వెల్డర్లని పెట్టుకోవద్దని చెప్పు మీ కాంట్రాక్టరుకి. ఎప్పుడూ అతుకు వెయ్యనివాళ్ళని తెచ్చుకోమను. వాళ్ళకైతే నేర్పుతాను" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. బాగా అన్నారు అనబోయాను.

తమ్ముడు తల దించుకుని, మెల్లగానే అడిగాడు. "మరి ఆ వెల్డర్లు ఏం తింటారు బావా?"

ఆయన నావైపు చూశాడు. నేనేమన్నా చెప్తానేమోనని చూశాడు. నేనేం చెప్పను? ఇదే ఇంట్లో, పొయ్యి మీద ఏం పెట్టాలని అడిగినదాన్ని నేనే. తల తిప్పుకున్నాను.

"ఎంతమందున్నారు?" అన్నాడు చివరికి.

"ఎనిమిది మంది."

"ఎప్పుడు రమ్మంటున్నారు?" అన్నాడు మా ఆయన.