సర్కారు తుమ్మ కాయలు

ఇస్త్రీ బండి దగ్గర సర్కారు తుమ్మ బొగ్గు రాజుకునే వాసన వస్తే చాలు, నాకు మా అవ్వ గుర్తొస్తుంది.

నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక ఊళ్లో మాకు కొంచెం మెట్ట చెల్క, మేకల మంద ఉండేవి. మా చెల్కకూ పటేలు చెల్కకూ నడుమ గట్టు మీద వేప, కానుగ, మోదుగ, సీతాఫలం కలగలిసి పెరిగేవి. మేం పెబ్బేరు సంతకు పోయిన రోజు చూసి పటేలు అన్నిటినీ నరికించి బొగ్గుల బట్టీకి తోలాడు. నీడకు తన పల్లికాయ పండటం లేదట.

ఎండాకాలం అతనే వచ్చాడు. "అవ్వా, జర నీ మేకలను నా చెల్కల పండవెట్టు. ఎరువైతది."

"పెడ్త పటేలా," అంది అవ్వ.

నాకు ఒళ్లు మండింది. పైగా రోజూ నా చేత సర్కారు తుమ్మ కాయలు ఏరించి, మేకలకు కడుపునిండా మేపి, సాయంత్రం అతని చెల్కకు తోలేది.

"గంతగనం ఎందుకు మేపుతున్నవే? ఆయన చెల్క పండాల్నా?"

"తిననియ్యి బిడ్డా. మంచిగ మొలవాలె."

వానలు పడ్డాయి. పల్లికాయ కంటే ముందే, పెంటికల్లో అరగకుండా మిగిలిన గింజలు మొలిచాయి. పటేలు చెల్క నిండా ముళ్ల తుమ్మ. నరికినకొద్దీ మోడులోంచి మళ్లీ వచ్చేది. అవ్వ ఆ బోడి గట్టు మీద కూర్చుని చూసేది.

మరుసటి ఏడు అది మా చెల్కలోకీ వచ్చింది.

"మనకూ వచ్చె గదనే అవ్వా."

"రానియ్యి. వాని దాంట్ల ఉన్నంత లేదు గద."

ఆ గట్టు మీద ఇప్పుడు వేప లేదు, మోదుగ లేదు. అటూ ఇటూ తుమ్మే. అయినా ఇస్త్రీ బట్టలు తీసుకున్నాక, కళ్లు మండుతున్నా, ఆ పొగలో ఇంకాసేపు నిలబడతాను.